నచ్చలేదన్న ఇల్లు

జర్మనీలోని ఎర్లాంగెన్‌లో తెలుగువాళ్ళెవరైనా ఇల్లు కొనాలనుకుంటే ముందు బ్యాంకుకి వెళ్ళరు, హైమక్క దగ్గరికి వెళతారు. హైమక్క అంటే హైమావతి. సొంతూరు హన్మకొండ. ముప్పై మూడేళ్ళ క్రితం భాస్కర్ రావు గారిని పెళ్ళి చేసుకుని ఈ ఊరొచ్చింది. ఆయన ఇక్కడ ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ ఆసుపత్రి ల్యాబులో ఇప్పటికీ రక్తపరీక్షలు చేస్తోంది. రక్తం చుక్కలో రోగం పట్టినట్టే గోడ మీద మచ్చ చూసి ఇంటి జాతకం చెప్పేస్తుంది. పదహారు కుటుంబాలకి దగ్గరుండి ఇళ్ళు కొనిపించింది. పదిహేడో కుటుంబం తనదే అయింది చూడండి, అప్పుడు జరిగింది ఈ గొడవంతా. అందులో సగం పాపం నాది, అందుకే నేనే చెప్పాలి.

నా పేరు ప్రతిమ. మాది రాజమండ్రి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, నోరు దానికంటే ముందుంటుంది. ఆరేళ్ళ క్రితం మేము ఫ్లాటు కొనేటప్పుడు మొదటిసారి హైమక్కతో తిరిగాను. ఆదివారం బాగా ఎండ కాస్తోంది, వెళ్ళి చూద్దామా అంటే ఒప్పుకోలేదు.

"ఎండల ఏ ఇల్లయినా పెండ్లిపిల్ల లెక్కనే ఉంటది ప్రతిమా. వాన పడ్డప్పుడు పోయి చూడాలె" అంది.

సరేనని వానలో వెళ్ళాం. అందరూ హాల్లోకి వెళ్ళి కిటికీలోంచి బయటికి చూస్తారు కదా, ఈవిడ తిన్నగా కెల్లర్లోకి దిగింది. కెల్లర్ అంటే ఇంటి అడుగున, నేల కింద ఉండే గది. కళ్ళు మూసుకుని వాసన చూసింది. "ముందు ముక్కు పెట్టాలె, తర్వాత కన్ను పెట్టాలె. తడి వాసనొస్తే ఇగ మీదికి ఎక్కనే వద్దు" అంది. గోడలన్నీ పాతగా ఉండి ఒక్క గోడకి కొత్త రంగు వేసి ఉందనుకోండి, ఆ రంగు కింద ఏదో దాచారని అనుమానపడాలట. హీటింగు మిషన్ మీద రేకు మీద ఉండే సంవత్సరం చదవాలట. "మొగుని వయసు అడగకున్నా నడుస్తది గని దీని వయసు మాత్రం అడగాలె. ఇరవై ఏండ్లు దాటిందంటే రేపో మాపో నీ నెత్తి మీదనే పడతది" అంది.

అపార్ట్‌మెంటు అయితే ఇంకో పరీక్ష ఉంది. ఓనర్లందరూ ఏడాదికోసారి మీటింగు పెట్టుకుని రాసుకునే కాగితాలుంటాయి, మూడేళ్ళవి అడిగి తెచ్చుకుని చదవాలి. నాకు తెగ నచ్చేసిన మొదటి ఫ్లాటు అక్కడే పోయింది. వచ్చే ఏడాది పైకప్పంతా మార్చాలని, తలా ఇంత వేసుకోవాలని నాలుగో పేజీలో రాసి ఉంది. అమ్మేవాడు ఆ మాట మాతో అనలేదు, మేం అడగలేదు కాబట్టి. ఇంకో సంగతి, వంటగది. ఈ దేశంలో ఇల్లు అమ్మినవాళ్ళు వంటగదిని విప్పుకుని పట్టుకుపోతారు, పొయ్యి, అరలు, సింకుతో సహా. ఉంచేసి వెళ్ళాలంటే ఒప్పందంలో రాయించుకోవాలి. ష్వైన్‌ఫర్ట్‌లో ఒకాయన రాయించుకోలేదు. తాళంచెవులు తీసుకుని లోపలికి వెళ్ళేసరికి వంటగదిలో గోడలోంచి పొడుచుకొచ్చిన రెండు పైపులు మాత్రం ఆయన్ని చూస్తూ ఉన్నాయట!

ఇవన్నీ ఒక ఎత్తు, హైమక్క మొదటి సూత్రం ఒక ఎత్తు. ఇల్లు నచ్చిందని ముఖంలో కనబడనివ్వకూడదు. మా ఫ్లాటు బాల్కనీలోకి అడుగుపెట్టగానే నేను "అబ్బ!" అన్నాను. అంతే, నడుం మీద చురుక్కుమంది. హైమక్క గిల్లింది. గిల్లి, ముఖం అదోలా పెట్టి, రోడ్డు చప్పుడు ఎక్కువగా ఉందని మాక్లర్‌తో అంది. మాక్లర్ అంటే ఇళ్ళు అమ్మిపెట్టే బ్రోకరు. ఆ చప్పుడు పేరు చెప్పి ధర బాగానే తగ్గించాడు. ఆ రోజు నుంచి నేను ఆవిడకి శిష్యురాలిని. మా రాజమండ్రి తాడితోటలో చీరల కొట్ల చుట్టూ తిరిగి పెరిగినదాన్ని, నాకు ఈ విద్య కొత్తేమీ కాదు కదా. నచ్చిన చీరని ముందు పక్కకి తోసెయ్యాలి, నచ్చనిదాన్ని పట్టుకుని బేరం మొదలెట్టాలి, చివర్లో లేచి నడవాలి. వాడే వెనక్కి పిలుస్తాడు.

ఇంతమందికి ఇళ్ళు చూపించిన మనిషి తను మాత్రం అద్దె ఇంట్లోనే ఉండేది. భాస్కర్ రావు గారి సిద్ధాంతం అది. "కిరాయింట్ల నల్లా లీకయితే ఓనరుకు ఫోన్ చేస్తం. సొంతింట్ల లీకయితే ఎవరికి చేస్తమమ్మా?" అనేవారు నాతో. మనిషి మెతక, మాట తక్కువ, కానీ ఆ ఒక్క విషయంలో కదలరు. ఆవిడా గట్టిగా అడగలేదు. నాలుగు అద్దె ఇళ్ళు మారాక ఐదో ఇంట్లో, మూడో అంతస్తులో, ఇరవై నాలుగేళ్ళు గడిపేశారు.

కిందటి నవంబరులో ఓనరు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. వాళ్ళమ్మాయి ఉద్యోగానికి ఈ ఊరొస్తోందట, ఇల్లు వాళ్ళకే కావాలట, తొమ్మిది నెలల్లో ఖాళీ చెయ్యాలట. చట్టంలో అంతా సవ్యంగానే ఉంది. ఆ రోజు నేను వెళ్ళేసరికి హైమక్క వంటింట్లో కిటికీ అద్దం తుడుస్తోంది. అది ముందే తుడిచిన అద్దం.

"ఇరవై నాలుగేండ్లు తుడిచిన ఇల్లు ప్రతిమా. ఒక్క కాయితంతోని పొమ్మన్నరు" అంది. "వాళ్ళ తప్పేం లేదు. ఇల్లు వాళ్ళది. గంతే. కని నేను ఇగ కిరాయింట్లకు పోను. నన్ను ఎవ్వరు పొమ్మననీకి రాని ఇల్లు కావాలె నాకు. చిన్నదైనా సరే."

పదహారు ఇళ్ళు చూపించిన మనిషి అలా అంటే నాకు ఏడుపొచ్చింది. భాస్కర్ రావు గారు హాల్లో పేపరు పట్టుకుని కూర్చున్నారు. పేజీ తిప్పడం లేదు. సాయంత్రం నన్ను దిగబెట్టడానికి కిందికి వచ్చి, "బ్యాంకుల టెర్మిన్ తీస్కున్న, వచ్చే మంగళవారం" అన్నారు. టెర్మిన్ అంటే అపాయింట్‌మెంటు, అదీ ఇంటి అప్పు కోసం!

ఇల్లు చూడబోయే ముందు బ్యాంకు కాగితం చేతిలో ఉండాలని హైమక్క అందరికీ చెప్పేదే. ఎంతవరకు అప్పిస్తామో రాసిచ్చిన ఆ కాగితం లేకపోతే ఇక్కడ ఎవడూ గుమ్మం ఎక్కనివ్వడు. వీళ్ళ వయసు చూసి బ్యాంకు ఇచ్చేది తక్కువే, హన్మకొండలో స్థలం అమ్మిన డబ్బు కలిపితే చిన్న పాత ఇంటికి సరిపోతుంది. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి, శనివారమైతే చాలు, నా కారులో తిరగడమే. ఒక ఇంట్లో తడి వాసన. ఇంకో ఇంట్లో హీటింగు మిషన్ మా పెళ్ళి కంటే పాతది. మంచి ఇల్లు దొరికితే మనకంటే ముందు ఇరవై మంది వరసలో ఉంటారు. మార్చి వచ్చేసరికి హైమక్క ముఖం చిక్కిపోయింది. ఎంత ధైర్యం చెప్పినా గడువు మాత్రం ఆగదు కదా.

అప్పుడు దొరికింది బైయర్స్‌డార్ఫ్ ఇల్లు. ఎర్లాంగెన్ నుంచి రైల్లో పది నిమిషాలు కూడా పట్టదు. ముక్కులోకి ఘాటెక్కే ఒకరకం ముల్లంగి పండించే ఊరు. అక్కడ బేకరీలో నోటీసు బోర్డు మీద చేత్తో రాసిన చీటీ కనబడింది హైమక్కకి: ఇల్లు అమ్మబడును, మాక్లర్లు రావద్దు. బేకరీలోంచే నాకు ఫోన్ చేసింది. "ప్రతిమా, జల్ది రా, వాన గూడ పడుతున్నది!" అని చిన్నపిల్లలా అరిచింది.

కారులో కూర్చుని నాటకానికి పాత్రలు పంచుకున్నాం. కింద అంతస్తులో వంకలు ఆవిడ పెట్టాలి, పైన నేను పెట్టాలి. భాస్కర్ రావు గారికి అబద్ధం చెప్పడం చేతకాదు కాబట్టి ఆయన నోరు తెరవకూడదు.

తలుపు తీసినాయన పేరు బ్రెండెల్. ఎనభై మూడేళ్ళు. వెన్ను కొంచెం వంగింది కానీ చేతులు చూస్తే ఇంకా కర్ర కోసేలా ఉన్నాయి. డెబ్భై నాలుగులో తమ్ముడితో కలిసి శనివారం శనివారం ఇటుక పేర్చి కట్టుకున్న ఇల్లట. భార్య పోయి రెండేళ్ళయింది. ష్వైన్‌ఫర్ట్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. మేము బూట్లు విప్పి లోపలికి వెళ్ళాం.

ఏం చెప్పమంటారు! కెల్లర్లో పొడి వాసన, ఉతికి ఆరేసిన బట్టల వాసన. ప్రతి పైపుకీ చిన్న చీటీ కట్టి ఉంది, ఇది స్నానాలగదికి, ఇది తోటకి అని. హీటింగు మిషన్‌కి ఆరేళ్ళు. వంటగదిలో ఇంత పెద్ద కిటికీ, బయట రెండు యాపిల్ చెట్లు. హైమక్క ముఖం బండరాయిలా పెట్టింది. కానీ మేజోళ్ళలో ఆవిడ కాలివేళ్ళు గంతులేస్తున్నాయి, నేను కళ్ళారా చూశాను. అంటే ఇదే ఇల్లు! ఎలాగైనా ఈ ఇల్లు తక్కువలో ఇప్పించాలని రెచ్చిపోయాను.

"మెట్లు బాగా చీకటి" అన్నాను. "స్నానాలగది టైల్సు మా అమ్మమ్మ కాలం నాటివి." "ఈ మెట్ల పిడి మరీ కిందికి ఉంది, ఇప్పుడెవరూ ఇలాంటివి పెట్టించుకోరు." కింద నుంచి హైమక్క అందుకుంది, తోట చాకిరీ అని, స్టేషను దూరమని. బ్రెండెల్ ప్రతిదానికీ తలూపాడు. ఆయన చెయ్యి ఆ మెట్ల పిడి మీదే ఉంది. అప్పుడైనా నా బుర్రకి తట్టాలి కదా? తట్టలేదు.

"ఆలోచించుకుని చెబుతాం" అని లేచి బయటికి నడిచాం. నెమ్మదిగా, తాడితోట నడక. వెనక్కి పిలుస్తాడు కదా మరి! గేటు దాకా వెళ్ళినా పిలవలేదు. హైమక్క వంగి బూటు లేసు కట్టుకోవడం మొదలెట్టింది. అవి జిప్పు బూట్లు, లేసులే లేవు. అప్పుడు పైన కిటికీ తెరుచుకుంది. చూశావా అన్నట్టు ఆవిడ నాకేసి చూసింది.

"గేటు కొంచెం గట్టిగా లాగండి, లేకపోతే పడదు" అన్నాడు బ్రెండెల్. "క్షేమంగా వెళ్ళిరండి." కిటికీ మూసుకుంది.

"ఫోన్ చేస్తడు తియ్" అంది హైమక్క కారులో. రెండు రోజులు ఫోన్ దిండు కింద పెట్టుకుని పడుకుంది. మూడో రోజు, గురువారం, ఈమెయిలు వచ్చింది. నాకు పంపితే ఆఫీసులో చదివాను. వానలో వచ్చినందుకు ధన్యవాదాలు. ఇల్లు మీకు తగినది కాదని అర్థమైంది. ఉన్నదున్నట్టు చెప్పేవాళ్ళు తక్కువ, మీరు చెప్పినందుకు సంతోషం. ఆదివారం ఇంకో కుటుంబం వస్తోంది. వెలుతురున్న మెట్లు, స్టేషనుకి దగ్గరగా ఉండే ఇల్లు మీకు దొరకాలని కోరుకుంటున్నాను. ఇదీ సంగతి. వెటకారం లేదు, మనస్ఫూర్తిగా రాశాడు మహానుభావుడు! మేం అన్న ప్రతి మాటా నమ్మాడు.

సాయంత్రం వాళ్ళింటికి పరిగెత్తాను. హైమక్క సోఫాలో కుక్కిన పేనులా కూర్చుని ఉంది. నాకు నా మీద ఉన్న కోపమంతా ఆవిడ మీదికి మళ్ళింది.

"నీ మొదటి సూత్రం గంగలో కలవ! చూశావా ఏం చేసిందో!" అన్నాను.

"పదహారు ఇండ్లకు పనిచేసింది గదనే!"

"ఆ పదహారూ మాక్లర్లు అమ్మారక్కా. వాళ్ళు కట్టలేదు. ఈయన కట్టుకున్నాడు. కట్టుకున్నవాడి ముఖం మీదే వంకలు పెట్టొచ్చాం మనం. నేనైతే మా అమ్మమ్మని కూడా లాక్కొచ్చాను."

హైమక్క నవ్వబోయింది, నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. "నాకు గా ఇల్లు కావాలె ప్రతిమా. ఎంత నచ్చిందో నీకు తెల్వదు. నచ్చలేదని నా నోటితోనే చెప్పొచ్చిన" అంది. ఆవిడ అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా సరే, ఆకులైనా పట్టుకోవాలి కదా. "లే అక్కా, శనివారం వెళదాం. ఆదివారం వాళ్ళకంటే ముందు" అన్నాను.

టెర్మిన్ లేకుండా ఈ దేశంలో జ్వరం కూడా రాకూడదు, అలాంటిది ఒకరి గుమ్మంలోకి ముగ్గురం వెళ్ళి నిలబడ్డాం. బ్రెండెల్ తోట బూట్లతో తలుపు తీసి ఆశ్చర్యపోయాడు. హైమక్క నమస్కారమైనా చెప్పలేదు.

"నేను అబద్ధం చెప్పాను" అంది. వాళ్ళు మాట్లాడుకున్నది జర్మన్లోనే, నేను తెలుగులో చెబుతున్నాను. "మీ ఇల్లు నాకు చాలా నచ్చింది. నచ్చలేదన్నది అబద్ధం."

"ఎందుకు?"

"ధర తగ్గుతుందని."

"ధర తగ్గాలంటే తగ్గించమని అడగొచ్చు కదా?"

నేను అడ్డం పడ్డాను. మా ఊళ్ళో చీర కొనేటప్పుడు ఇలాగే చేస్తామండీ అని మొదలెట్టి, పక్కకి తొయ్యడం, లేచి నడవడం, వెనక్కి పిలవడం, అన్నీ చెప్పాను. గేటు దగ్గర అంతసేపు ఎందుకు నిలబడ్డామో కూడా చెప్పేశాను.

"చీర బాగాలేదంటే అమ్మేవాడికి బాధ కలగదా?" అన్నాడు.

"వాడికి తెలుసండీ, మేం అబద్ధమే చెబుతున్నామని."

"ఇద్దరికీ తెలిసినప్పుడు ఇక చెప్పడం ఎందుకు?"

ముప్పై తొమ్మిదేళ్ళు వచ్చాయి నాకు, ఇంతవరకు ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

ముసలాయన పెదవి ఒక పక్కకి కదిలింది. నవ్వో కాదో తెలియలేదు. తలుపు పూర్తిగా తీసి, "సరే, నిజమేమిటో ఇప్పుడు చెప్పండి" అన్నాడు.

ఇక హైమక్కని ఆపేదెవరు? ఆయన ఇల్లు ఆయనకే తిప్పి చూపించింది. కెల్లర్లో పైపుల చీటీలు చూపించి, ఇంత శ్రద్ధగా పెట్టిన ఇల్లు తను చూసిన ఇళ్ళలో ఒక్కటీ లేదంది. తను వానలో ఎన్ని కెల్లర్లు దిగిందో, ఎన్నిట్లో ముక్కు మూసుకుందో చెప్పింది. మెట్ల దగ్గరికి వచ్చి, "ఇక్కడ చీకటి ఎందుకో నాకు ఆ రోజే తెలుసు" అంది. "ఈ పక్క కిటికీ పెట్టకుండా ఆ గోడంతా వంటగదికి ఇచ్చారు. పనిచేసే మనిషికి వెలుతురు ఇచ్చారు."

"మా ఆవిడ అడిగింది" అన్నాడు బ్రెండెల్. "పిడి కూడా తన ఎత్తుకే చేశాను. తను పొట్టిది."

నాకు తల కొట్టేసినట్టయింది. క్షమించండి అన్నాను. హైమక్క ఆ పిడి మీద చెయ్యి వేసింది. ఆవిడా ఐదడుగులు దాటదు. ఆ చెయ్యి అలాగే ఉంచి చెప్పింది: "ఈ దేశంలో ఐదు ఇళ్ళలో ఉన్నాను. ఐదూ ఇంకొకరివే. ఇప్పుడు నాకు ఆగస్టు దాకా టైము ఇచ్చారు. నాకు యాభై తొమ్మిదేళ్ళు. ఇంకొకరు నన్ను వెళ్ళమంటే తట్టుకోలేను. మీ ఇంట్లో ఉండాలని ఉంది. చచ్చేదాకా ఉండాలని ఉంది."

బ్రెండెల్ ఉన్నట్టుండి భాస్కర్ రావు గారి వైపు తిరిగాడు.

"మీరు ఆ రోజూ మాట్లాడలేదు, ఈ రోజూ మాట్లాడటం లేదు. మీకు నచ్చలేదా?"

భాస్కర్ రావు గారు భార్య వైపు చూశారు. ఈసారి నోరు మూసుకోమని ఆవిడ సైగ చెయ్యలేదు. ఆయన ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పారు.

"నాకు అద్దె ఇల్లే సుఖం. సొంతిల్లు నేనెప్పుడూ కోరుకోలేదు. మా ఆవిడ ఇరవై ఏళ్ళుగా ఇంకొకళ్ళ కోసం ఇళ్ళు చూసి వస్తుంది. వచ్చి భోజనాల దగ్గర నాకు ఆ ఇల్లంతా చెబుతుంది, ఏ కిటికీ ఎటుంది, ఎండ ఎక్కడ పడుతుంది. నేను వింటాను. తనకీ ఒకటి కావాలేమోనని ఒక్కసారి కూడా అడగలేదు. మొన్న మీ ఇల్లు చూసొచ్చిన రోజు మాత్రం తను ఏమీ చెప్పలేదు. అన్నం కలుపుకుని అలాగే కూర్చుంది. అప్పుడు తెలిసింది నాకు. దయచేసి మా ఆవిడకి ఈ ఇల్లు ఇవ్వండి."

హైమక్క ఆయన్ని అలా చూస్తూ ఉండిపోయింది. నేను గోడవైపు తిరిగి ముక్కు తుడుచుకున్నాను, ఎవరేమనుకున్నా సరే.

బ్రెండెల్ వంటగదిలోకి వెళ్ళి గోడకున్న క్యాలెండరు దగ్గర నిలబడ్డాడు. ఆదివారం గళ్ళో రాసుకున్నది పెన్సిలుతో కొట్టేశాడు. "వాళ్ళకి నేను ఫోన్ చేసి చెబుతాను" అన్నాడు. "ధర సంగతి?"

"మీరు అడిగిందే" అంది హైమక్క.

జన్మలో మొదటి మాటకే ఒప్పుకోని మనిషి! నేను ఠారెత్తిపోయాను. ఆయన మాత్రం తలూపి, "స్నానాలగది టైల్సు నిజంగానే పాతవి. దానికి కొంత తగ్గిస్తాను" అన్నాడు. "ఆ ఒక్క మాట మీరు నిజమే చెప్పారు." ఇది నన్ను చూసి అన్నాడు. ఇక ఆగలేక నలుగురం పడీ పడీ నవ్వాం. తర్వాత కాఫీ పెట్టాడు.

ఆ రోజు నుంచి హైమక్క కాలు నేల మీద నిలిస్తే ఒట్టు. ఈ దేశంలో నోటార్, అంటే ఒప్పందాలు రాయించే లాయరు, ముందే దస్తావేజు నకలు పంపిస్తాడు. చదువుకోవడానికి రెండు వారాలు ఇస్తాడు. అంతా బాగానే ఉందని సంతకం పెట్టేవాళ్ళే ఎక్కువ. ఈవిడ ఎర్ర పెన్ను తీసుకుని కూర్చుంది. వంటగదిలో ప్రతి అరా పేరుపేరునా రాయించింది. కెల్లర్లోని పాత వర్క్‌బెంచి, తోటలో నీళ్ళ పీపా కూడా వదల్లేదు. తనకు అర్థం కాని వాక్యం మీద సంతకం పెట్టనని నోటార్‌కి మూడుసార్లు ఫోన్ చేసింది. ఇల్లు హైమక్క పేరు మీదే ఉండాలని భాస్కర్ రావు గారు పట్టుబట్టారు, ఆ వాక్యం ఒక్కటీ ఆయన రాయించినది. సంతకాల రోజు నోటార్ చట్టప్రకారం దస్తావేజు మొత్తం పైకి చదివాడు, రైలు వెళ్ళినట్టు చదివాడు. బ్రెండెల్ తన జేబులోంచి కళ్ళద్దాలు తీసి నెమ్మదిగా పెట్టుకున్నాడు. ఇద్దరూ సంతకాలు చేశారు.

జూలైలో సామాను సర్దడం మొదలైంది. మా ఎర్లాంగెన్‌వాళ్ళందరికీ అదో పండగ. పుస్తకాలు చిన్న అట్టపెట్టెల్లో, బట్టలు పెద్దవాటిలో, లేకపోతే నడుం విరుగుతుంది. పెట్టె మూత మీద కాదు, రెండు పక్కలా ఏ గదికో రాయాలి, ఒకదాని మీద ఒకటి పెడితే మూత ఎవరికి కనబడుతుంది? ట్రక్కు ఆగడానికి రెండిళ్ళ ముందూ చోటు కావాలి కాబట్టి, ఆ రోజు ఎవరూ బళ్ళు పెట్టకుండా బోర్డులు నిలబెట్టించమని ఊరి ఆఫీసులో రెండు వారాల ముందే అర్జీ పెట్టాలి. మొదటి రోజు పెట్టె వేరు: రైస్ కుక్కరు, టీ గిన్నె, తువ్వాళ్ళు, మందులు, స్క్రూడ్రైవరు, రెండు బల్బులు. ఆ పెట్టెని హైమక్క ట్రక్కులో ఎక్కించనివ్వలేదు, ఒళ్ళో పెట్టుకుని నా కారులోనే వచ్చింది. పాత ఇంటికి తెల్ల రంగు వేయించి, కరెంటు మీటరు, నీళ్ళ మీటరు అంకెలు ఫోటో తీసి, తాళాలు ఇచ్చేటప్పుడు ఓనరు కూతురికి ఏ కిటికీ బిగుసుకుంటుందో కూడా చెప్పి వచ్చింది. ఉత్తరాలు కొత్త అడ్రసుకి పంపమని పోస్టాఫీసుకి అప్పటికే రాసేసింది.

ఇక ఒక్క పని మిగిలింది. ఇల్లు మారిన రెండు వారాల్లో ఊరి ఆఫీసుకి వెళ్ళి కొత్త అడ్రసు నమోదు చేయించుకోవాలి. అందులో ఒక కాగితం ఉంటుంది, ఫలానావాళ్ళని నా ఇంట్లో ఉండనిస్తున్నాను అని ఇంటి యజమాని సంతకం చేసి ఇచ్చేది. ఈ దేశంలో అద్దెకుండే ప్రతివాళ్ళూ ఆ సంతకం కోసం ఎవరో ఒకరి గుమ్మంలో నిలబడతారు. నేనూ నిలబడ్డాను.

హైమక్క ఆ రోజు గద్వాల చీర కట్టుకుంది. ఊరి ఆఫీసుకి పట్టుచీరేమిటని నేను నవ్వితే, "నీకేం తెల్సు, నడువ్" అంది. కౌంటరు వెనక అమ్మాయి కాగితాలన్నీ చూసి, "యజమాని సంతకం?" అని అడిగింది.

"నేనే" అంది హైమక్క.

ఆ అమ్మాయి కాగితం ఇటు తిప్పి వేలితో చోటు చూపించింది. ల్యాబులో రోజుకి వంద రిపోర్టుల మీద కోడి కెలికినట్టు గీకే మనిషి, ఇంటి యజమాని అన్న చోట ఒక్కో అక్షరం విడివిడిగా రాసింది. దాని కింద, ఇంట్లో ఉండబోయేవారు అన్న చోట, మొదటి వరసలో మళ్ళీ తన పేరే రాసుకుంది. రాసి, పెన్ను అక్కడే ఆపి ఆ రెండు పేర్లూ చూస్తోంది.

పక్కన నిలబడ్డ భాస్కర్ రావు గారు మెల్లగా వంగారు.

"హైమా, నా పేరు గూడ రాయి" అన్నారు. "నన్ను పొమ్మనవు గద?"

హైమక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుని, నవ్వుతూ, రెండో వరసలో ఆయన పేరు రాసింది.